ప్లేఆఫ్స్ ముగియకముందే అసిస్టెంట్ కోచ్‌లకు హెడ్ కోచ్ ఇంటర్వ్యూలు: ఈ పద్ధతి ఇలాగే సాగాలా?

(అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌పై 2025 ఫిబ్రవరిలో సాగిన పాఠకుల చర్చ. ఒక్కొక్క భాగం పైన ఉన్నది రాసినవారి కలం పేరు.)

నోవై నివాసి

మా డెట్రాయిట్‌లోని ఫోర్డ్ ఫీల్డ్ మైదానంలో 2025 జనవరి 18 రాత్రి ప్లేఆఫ్స్ మ్యాచ్‌లో వాషింగ్టన్ కమాండర్స్ చేతిలో డెట్రాయిట్ లయన్స్ 45-31తో ఓడిపోయి నెల కావస్తోంది. లీగ్ ఫైనల్ మ్యాచ్ అయిన సూపర్ బౌల్ కూడా ముగిసింది. అయినా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు కనుక మీ ముందు పెడుతున్నాను.

2024 సీజన్‌లో లయన్స్ 15 మ్యాచ్‌లు గెలిచి రెండే ఓడింది. 564 పాయింట్లతో లీగ్‌లో అందరికంటే ఎక్కువ స్కోరు చేసింది. లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన ఎన్‌ఎఫ్‌సీలో మొదటి స్థానం సంపాదించి, ప్లేఆఫ్స్ తొలి రౌండ్ అయిన వైల్డ్ కార్డ్ వారంలో ఆడనక్కర్లేని విశ్రాంతిని దక్కించుకుంది. అక్టోబరులో ఏడన్ హచిన్సన్ కాలు విరిగింది మొదలు గాయాలతో నలిగిపోయిన డిఫెన్స్‌కు (ప్రత్యర్థిని ఆపే ఆటగాళ్ల బృందానికి) ఆ వారం ఎంత విలువైనదో ఇక్కడి అభిమానులందరికీ తెలుసు. సరిగ్గా అదే వారంలో, అఫెన్స్ (బంతితో ముందుకు సాగి స్కోరు చేసే బృందం) నడిపే బెన్ జాన్సన్, డిఫెన్స్ నడిపే ఆరన్ గ్లెన్ అనే మన అసిస్టెంట్ కోచ్‌లు ఇద్దరూ కొత్త హెడ్ కోచ్ కోసం వెతుకుతున్న జట్లతో వీడియో ఇంటర్వ్యూల్లో కూర్చున్నారు. ఆ తర్వాతి మ్యాచ్‌లో మనం ఐదుసార్లు బంతిని పోగొట్టుకున్నాం. క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి అఫెన్స్‌ను ఆడించే ఆటగాడు) జారెడ్ గాఫ్ మూడు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు) ఇచ్చాడు, ఒకసారి బంతి జారవిడిచాడు. ఐదోది, మామూలుగా పాస్‌లు అందుకునే రిసీవర్ జేమ్సన్ విలియమ్స్ చేత పాస్ వేయించబోయిన ఎత్తుగడలో పోయింది. ఓటమి తర్వాత ఐదు రోజులు తిరగకముందే జాన్సన్ షికాగో బేర్స్‌కు, గ్లెన్ న్యూయార్క్ జెట్స్‌కు హెడ్ కోచ్‌లయ్యారు. షికాగో మన డివిజన్‌లోని జట్టే, ఏటా రెండుసార్లు మనతో తలపడే జట్టు.

వారిద్దరినీ నేను తప్పుపట్టడం లేదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని ఎవరికైనా ఉంటుంది. నా అభ్యంతరమంతా లీగ్ క్యాలెండర్ మీదే. సీజనంతా బాగా ఆడిన జట్టు తన కష్టంతో సంపాదించుకున్న విశ్రాంతి వారాన్ని, బాగా ఆడని జట్ల నియామకాల కోసం తెరిచి పెట్టడం ఏ విధంగా న్యాయం?

పాత లెక్కలు

నోవై నివాసి గారి బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఒక్క ఓటమి నుంచి ఇంత పెద్ద నిర్ధారణకు రావడం సరికాదని నా అభిప్రాయం. అంతకు ఏడాది ముందు ఏం జరిగిందో చూడండి. 2023 సీజన్‌లో లీగ్‌లోని రెండో విభాగమైన ఏఎఫ్‌సీలో మొదటి స్థానం బాల్టిమోర్ రేవెన్స్‌ది. వారి డిఫెన్సివ్ కోఆర్డినేటర్ (డిఫెన్స్ నడిపే అసిస్టెంట్ కోచ్) మైక్ మెక్‌డొనాల్డ్‌ను ఆ జనవరిలో పలు జట్లు ఇంటర్వ్యూ చేశాయి. ప్లేఆఫ్స్ రెండో రౌండ్ అయిన డివిజనల్ రౌండ్‌లో రేవెన్స్ 34-10తో హ్యూస్టన్ టెక్సన్స్‌ను ఓడించింది. ఆ రోజు హ్యూస్టన్‌కు వచ్చిన ఒకే ఒక టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించి చేసే స్కోరు) పంట్‌ను, అంటే రేవెన్స్ తన్ని వదిలేసిన బంతిని, తిరిగి తెచ్చినప్పటిది. మెక్‌డొనాల్డ్ డిఫెన్స్ మీద ఒక్క టచ్‌డౌన్ కూడా పడలేదు. తర్వాతి వారం కాన్సాస్ సిటీ చీఫ్స్ చేతిలో రేవెన్స్ 17-10తో ఓడిన మాట నిజమే, కానీ రెండో సగంలో క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ ఉన్న ఆ జట్టుకు ఒక్క పాయింటు కూడా రాలేదు. మూడు రోజులకు, 2024 జనవరి 31న, మెక్‌డొనాల్డ్ సియాటిల్ సీహాక్స్ హెడ్ కోచ్ అయ్యారు.

ఇంకా వెనక్కి వెళ్తే చార్లీ వైస్ సంగతి ఉంది. ఆయన 2004 డిసెంబరులోనే నోటర్ డామ్ విశ్వవిద్యాలయ జట్టు హెడ్ కోచ్ పదవిని ఒప్పుకుని, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అఫెన్స్‌ను కూడా నడుపుతూ రెండు నెలలు రెండు ఉద్యోగాలు మోశారు. ఇంటర్వ్యూ మాత్రమే కాదు, పూర్తి స్థాయి రెండో ఉద్యోగం. అయినా 2005 ఫిబ్రవరి 6న పేట్రియట్స్ 24-21తో ఫిలడెల్ఫియాపై సూపర్ బౌల్ గెలిచింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవారంతా మునిగిపోలేదు.

విశాఖ తెల్లవారుజాము

నేను ఈ ఆటను నాలుగేళ్లుగా మాత్రమే చూస్తున్నాను. లయన్స్, కమాండర్స్ మ్యాచ్ మనకు ఆదివారం ఉదయం ఆరున్నరకు మొదలైంది, పూర్తిగా చూశాను. నాకు అర్థం కాని విషయం ఒకటుంది, తెలిసినవారు వివరించగలరు. సూపర్ బౌల్ ముగిసేదాకా ఏ జట్టూ ఎవరినీ నియమించకూడదని ఒక్క వాక్యంలో నియమం పెడితే ఈ చిక్కంతా తీరదా? అలా పెట్టకుండా, ఏ వారం ఏ జట్టు కోచ్‌తో వీడియోలో మాట్లాడవచ్చో, ఏ వారం ముఖాముఖి కలవవచ్చో ఇన్ని మెలికలు ఎందుకు?

ఫ్రిస్కో పాఠకుడు

విశాఖ తెల్లవారుజాము గారికి, ముందు ఇప్పుడున్న నియమాలు చెబుతాను. రెగ్యులర్ సీజన్ ముగిసిన మర్నాడు, అంటే ఇక్కడ బ్లాక్ మండే అని పిలిచే రోజు, ఓడిన జట్లలో కొన్ని తమ హెడ్ కోచ్‌లను తొలగిస్తాయి. ప్లేఆఫ్స్‌లో విశ్రాంతి వారం దక్కిన జట్ల అసిస్టెంట్‌లతో ఆ వారంలోనే వీడియో ద్వారా మాట్లాడవచ్చు. వైల్డ్ కార్డ్ ఆడి గెలిచిన జట్ల వారితో ఆ తర్వాతి వారంలో మాట్లాడవచ్చు. ఇతర జట్లలో పనిచేస్తున్న కోచ్‌లను ముఖాముఖి కలవాలంటే డివిజనల్ రౌండ్ ముగిసేదాకా ఆగాలి, ఈ నిబంధన 2024 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. సూపర్ బౌల్ చేరిన జట్టు కోచ్‌తో అయితే, కాన్ఫరెన్స్ ఫైనల్‌కూ (ఎన్‌ఎఫ్‌సీ, ఏఎఫ్‌సీ విజేతలను తేల్చే మ్యాచ్) సూపర్ బౌల్‌కూ మధ్య ఉండే రెండు వారాల్లో మొదటి వారంలో రెండోసారి మాట్లాడవచ్చు. ఒప్పందం మీద సంతకం మాత్రం సూపర్ బౌల్ ముగిశాకే. హెడ్ కోచ్ పదవికి పిలుపు వస్తే ప్రస్తుత జట్టు అడ్డుకోవడానికి వీల్లేదు.

ఇక జట్లు ఎందుకు తొందరపడతాయంటే, హెడ్ కోచ్ ఒక్కడితో పని పూర్తికాదు. అతడు ఇద్దరు ముగ్గురు కోఆర్డినేటర్లను, ఒక్కొక్క విభాగానికి ఒక్కో కోచ్‌ను కలిపి ఇరవైమందికి పైగా సిబ్బందిని కూర్చుకోవాలి. మంచివారు జనవరిలోనే కుదిరిపోతారు. ఫిబ్రవరి చివర ఇండియానాపొలిస్‌లో కళాశాల ఆటగాళ్ల పరీక్షలు, మార్చి మధ్యలో ఫ్రీ ఏజెన్సీ (ఒప్పందం ముగిసిన ఆటగాళ్లను తీసుకునే సమయం), ఏప్రిల్ చివర డ్రాఫ్ట్ (కళాశాల ఆటగాళ్ల ఎంపిక) వరుసగా వచ్చిపడతాయి. జాక్ టేలర్ 2019లో లాస్ ఏంజెలిస్ రామ్స్ సూపర్ బౌల్ ఓడిన మర్నాడు సిన్సినాటి బెంగాల్స్ హెడ్ కోచ్ అయ్యారు, కానీ డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌ను కుదుర్చుకునేసరికి ఫిబ్రవరి రెండో సగం వచ్చేసింది. ఆ తొలి ఏడాది బెంగాల్స్ రెండు గెలిచి 14 ఓడింది. ఆలస్యం ఒక్కటే కారణమని నేననను, కానీ ఆలస్యం ఉచితంగా రాదు.

సంతకం చేయలేని నోటిమాట ఎంత ప్రమాదకరమో 2018లో ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కు తెలిసివచ్చింది. జాష్ మెక్‌డానియెల్స్ పేట్రియట్స్‌తో సూపర్ బౌల్ ముగించుకుని వస్తారని కోల్ట్స్ వారాల తరబడి ఎదురుచూసింది. ఫిబ్రవరి 6న ఆయన పేరును అధికారికంగా ప్రకటించింది. అదే సాయంత్రం ఆయన మనసు మార్చుకుని న్యూ ఇంగ్లండ్‌లోనే ఉండిపోయారు. అప్పటికే ఆయనతో పనిచేయడానికని మ్యాట్ ఎబర్‌ఫ్లస్ సహా ముగ్గురు అసిస్టెంట్‌లు కోల్ట్స్‌తో ఒప్పందాలు చేసుకున్నారు. జట్టు వారి ఒప్పందాలను గౌరవించింది. తర్వాత ఆ పదవి ఫ్రాంక్ రైక్‌కు దక్కింది. అదే సూపర్ బౌల్‌లో అవతలి పక్షాన, ఫిలడెల్ఫియా ఈగల్స్ అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా 41-33తో పేట్రియట్స్‌ను ఓడించినవాడు ఆయనే.

మూడో డౌన్

చర్చ ఇంటర్వ్యూ జరిగే గంటల చుట్టూ తిరుగుతోంది. అసలు భారం ఆ గంటల్లో లేదు. నేను టెక్సస్‌లో ఒక హైస్కూల్ జట్టుకు వీడియోలు విడదీసి ఇచ్చే పనిలో ఎనిమిదేళ్లుగా సాయపడుతున్నాను. మా స్థాయి చాలా చిన్నది, అయినా ఒక వారం పని ఎలా సాగుతుందో దగ్గర నుంచి చూశాను కనుక చెబుతున్నాను.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆదివారం మ్యాచ్ ముగిస్తే సోమవారం దాని వీడియో పరిశీలన ఉంటుంది. మంగళవారం ఆటగాళ్లకు సెలవు, కోచ్‌లకు మాత్రం ఆ వారంలో అతి పొడవైన రోజు అదే. ప్రత్యర్థి డిఫెన్స్ మొదటి, రెండో డౌన్‌లలో (పది గజాలు సాగడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఒక్కొక్కటి ఒక డౌన్) ఏం చేస్తుందో విడదీసి బుధవారం సాధనకు సిద్ధం చేస్తారు. మూడో డౌన్ పథకం గురువారానికి, గోల్ లైన్‌కు 20 గజాల లోపల ఆడే ఎత్తుగడలు శుక్రవారానికి సిద్ధం కావాలి. మ్యాచ్‌లో తొలి పదిహేను ఎత్తుగడలు ముందే వరుసగా రాసుకునే కోఆర్డినేటర్లు చాలామంది ఉన్నారు. ఇవన్నీ కొంత కార్యాలయంలో, కొంత అర్ధరాత్రి ఒంటరిగా తెర ముందు పుట్టుకొస్తాయి.

ఇప్పుడు హెడ్ కోచ్ ఇంటర్వ్యూకు ఏమేం సిద్ధం చేసుకోవాలో చూడండి. నీ సిబ్బందిలో ఎవరెవరుంటారని యజమాని అడుగుతాడు. దానికి జవాబు చెప్పాలంటే ఎవరి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో, ఎవరు రాగలరో ముందే ఆరా తీయాలి. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్‌ను ఎలా తీర్చిదిద్దుతావని అడుగుతారు. దానికి ఆ కుర్రవాడి ఏడాది ఆటంతా చూడాలి. శిక్షణ శిబిరం ఎలా నడుపుతావు, నాలుగో డౌన్‌లో ఎప్పుడు సాహసిస్తావు, జనరల్ మేనేజర్‌తో అభిప్రాయభేదం వస్తే ఏం చేస్తావు అని అడుగుతారు. ఇలాంటి జట్లు మూడు నాలుగు పిలిస్తే, ఈ పనంతా మూడు నాలుగుసార్లు చేయాలి. వీడియోలో మాట్లాడటం వల్ల విమానం ఎక్కే శ్రమ తప్పింది, అంతే. అర్ధరాత్రి ఆలోచనలో రెండు జట్లు చేరడం తప్పలేదు. అది స్కోరుబోర్డు మీద కనిపించదు కనుక పాత లెక్కలు గారు చూపిన ఉదాహరణలతో తేలేది కాదు.

ఒక మాట మాత్రం ఆయనతో ఏకీభవిస్తాను. గ్లెన్‌కు ఆ వారంలో ఒక్క ఇంటర్వ్యూ కూడా లేకపోయినా, హచిన్సన్ లేని ఆ డిఫెన్స్ కమాండర్స్ క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియెల్స్‌ను ఆపి ఉండేదని నేను గట్టిగా చెప్పలేను.

చీఫ్స్ వెంట పదేళ్లు

ఇంతవరకు అందరూ నష్టపోయే జట్టు గురించే మాట్లాడారు. నష్టపోయే కోచ్ గురించి కూడా మాట్లాడాలి.

హెడ్ కోచ్ ఆండీ రీడ్ దగ్గర కాన్సాస్ సిటీలో అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా పనిచేసిన ముగ్గురిని తీసుకోండి. డగ్ పీడర్సన్ జట్టు 2016 జనవరిలో డివిజనల్ రౌండ్‌లో ఓడింది, రెండు రోజుల్లో ఆయనకు ఫిలడెల్ఫియా పదవి దక్కింది. మ్యాట్ నేగీ జట్టు 2018 జనవరిలో 21-3 ఆధిక్యం చేజార్చుకుని టెనెసీ చేతిలో 22-21తో తొలి రౌండ్‌లోనే ఇంటికి వచ్చింది, రెండు రోజుల్లో ఆయనకు షికాగో పదవి దక్కింది. వారి తర్వాత వచ్చినవాడు ఎరిక్ బియెనమీ. 2018 నుంచి 2022 వరకు ఆయన ఆ పదవిలో ఉన్న ఐదు సీజన్లలోనూ చీఫ్స్ కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది. మూడు సూపర్ బౌల్‌లకు వెళ్లి రెండు గెలిచింది. పదికి పైగా జట్లు ఆయనను ఇంటర్వ్యూ చేశాయి. ఒక్కటి కూడా ఉద్యోగం ఇవ్వలేదు. ఆటలు పిలిచేది, అంటే ఏ ఎత్తుగడ ఆడాలో చెప్పేది, రీడ్ కదా అనే వాదన ఉంది, అది కొట్టిపారేయదగినది కాదు. కానీ పీడర్సన్‌కు, నేగీకి ముందు రౌండ్లలోనే ఓడిపోవడం వల్ల తీరిక దొరికింది. గెలుస్తూ పోయినవాడికి మాత్రం జనవరి అంతా ఎవరితోనూ కూలంకషంగా మాట్లాడే వీలు లేకుండా గడిచిపోయింది. తన పని బాగా చేయడమే మనిషికి అడ్డంకి అయ్యే పద్ధతి సరైన పద్ధతి కాదు.

ఇందులో మరొక కోణమూ ఉంది. మైనారిటీ అభ్యర్థులను తప్పక ఇంటర్వ్యూ చేయాలనే రూనీ నియమం 2003 నుంచి ఉంది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ యజమాని డాన్ రూనీ పేరుతో వచ్చిన ఆ నియమాన్ని తర్వాత విస్తరించి, బయటి మైనారిటీ అభ్యర్థులు కనీసం ఇద్దరు ఉండాలన్నారు. నియామకాలు హడావిడిగా జరిగితే అది మొక్కుబడిగా మిగులుతుంది. యజమాని ఎవరిని తీసుకోవాలో ముందే నిర్ణయించుకుని, నియమం కోసం ఒకరిద్దరిని పిలిచి పంపించేస్తాడు. తనకు జరిగింది అటువంటి నామమాత్రపు ఇంటర్వ్యూనే అని కోచ్ బ్రయన్ ఫ్లోరెస్ 2022 ఫిబ్రవరిలో దావా వేశారు. కాబట్టి నేను ఆలస్యాన్ని కోరేది జట్ల విశ్రాంతి కోసం మాత్రమే కాదు, అభ్యర్థి మాట చివరిదాకా వినే తీరిక యజమానులకు కలగాలని కూడా.

పాత లెక్కలు

మూడో డౌన్ గారు చెప్పిన పని తీరు చదివాక నా వాదనను కొంత సవరించుకుంటున్నాను. ఫలితాన్ని బట్టి మనసులో ఏముందో చెప్పలేమన్నది రెండు వైపులా వర్తిస్తుంది. గెలిచిన మెక్‌డొనాల్డ్‌ను చూపి నేను ఏదీ నిరూపించలేను, ఓడిన జాన్సన్‌ను చూపి నోవై నివాసి గారూ నిరూపించలేరు.

ఈ విషయంలో అందరూ ఎత్తే ఉదాహరణ 2017 సూపర్ బౌల్. అట్లాంటా ఫాల్కన్స్ 28-3తో ముందుండి 34-28తో ఓడిన మ్యాచ్ అది. అఫెన్స్ నడిపిన కైల్ షనహాన్ సాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్తారని అప్పటికే అందరికీ తెలుసు, మర్నాడే ఆయన ఆ పదవి చేపట్టారు. చివరి ఐదు నిమిషాల్లో 28-20తో ముందుండి, జూలియో జోన్స్ అందుకున్న పాస్‌తో ప్రత్యర్థి 22 గజాల గీత దాకా వచ్చారు. పాస్ వేయకుండా బంతిని చేతపట్టి పరుగెత్తించి ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని చేసే స్కోరు) కొట్టి ఉంటే మ్యాచ్ దాదాపు ముగిసేది. పాస్ పిలిచారు, క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయన్‌ను పడగొట్టారు, ఆపై పెనాల్టీ కూడా పడి ఫీల్డ్ గోల్ దూరం దాటిపోయింది. కొత్త ఉద్యోగం మీద ధ్యాస ఉండటం వల్లనే అలా పిలిచారని చాలామంది అంటారు. నాకు ఆ మాట అన్యాయంగా తోస్తుంది. ఏడాది పొడవునా దూకుడుగా పిలిచి అక్కడికి చేర్చినవాడు ఆ రోజు కూడా దూకుడుగానే పిలిచాడు.

నోవై నివాసి

ఒప్పుకుంటున్నాను. ఓటమికి కారణం ఇంటర్వ్యూలే అని నేను చెప్పలేను, ఆ మాటను ఉపసంహరించుకుంటున్నాను. అభ్యంతరాన్ని మాత్రం ఉపసంహరించుకోలేను.

జాన్సన్ విషయంలో పూర్వరంగం కూడా ఉంది. 2024 జనవరిలో ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్‌లో మనం సగం మ్యాచ్‌కు 24-7తో ముందుండి, సాన్ ఫ్రాన్సిస్కో చేతిలో 34-31తో ఓడాం. ఆ వెంటనే కమాండర్స్ ప్రతినిధులు ఆయనతో, గ్లెన్‌తో మాట్లాడటానికి విమానంలో డెట్రాయిట్‌కు వస్తుండగా, తాను ఇక్కడే ఉంటానని జాన్సన్ కబురు పంపారు. వాషింగ్టన్ డాన్ క్విన్‌ను తీసుకుంది. ఏడాది తర్వాత అదే క్విన్ జట్టు మన మైదానంలో మనల్ని ఓడించింది. ఒక ఏడాది పెద్ద అవకాశం వదులుకుని ఉండిపోయిన మనిషి, మరుసటి ఏడాది వెళ్లిపోయాడని నిందించే హక్కు నాకు లేదు.

ఫ్రిస్కో పాఠకుడు గారు ఎబర్‌ఫ్లస్ పేరు ఎత్తారు. షికాగోలో జాన్సన్ కూర్చున్నది ఆయన ఖాళీ చేసిన కుర్చీలోనే. నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ నాడు ఫోర్డ్ ఫీల్డ్‌లో మన చేతిలో 23-20తో ఓడిన మర్నాడు బేర్స్ ఆయనను తొలగించింది. అంటే మన గెలుపు వల్ల ఏర్పడిన ఖాళీలోకి మన కోచే వెళ్లాడు.

విశాఖ తెల్లవారుజాము

వివరాలకు ధన్యవాదాలు. ఇవన్నీ చదివాక కూడా నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఆలస్యం వల్ల నష్టం ఉందన్నారు, కానీ అందరికీ ఒకే తేదీ పెడితే ఎవరూ ఎవరికంటే వెనకబడరు కదా? సిబ్బంది కోసం పోటీ కూడా అందరికీ అదే రోజు మొదలవుతుంది.

మూడో డౌన్

జట్ల మధ్య సమానత్వం వరకు మీరన్నది నిజం. కానీ హెడ్ కోచ్‌ను తొలగించగానే అతడి కింద పనిచేసే ఇరవైమంది భవిష్యత్తు గాలిలో వేలాడుతుంది. కొత్తగా వచ్చేవాడు ఎవరిని ఉంచుతాడో, ఎవరిని పంపుతాడో అతడు వచ్చేదాకా తెలియదు. పేపర్లలో పేర్లు రాని సహాయ కోచ్‌లు, రాత్రంతా వీడియోలు విడదీసే క్వాలిటీ కంట్రోల్ కోచ్‌లు, వారి పిల్లల బడులు, అద్దె ఇళ్లు అన్నీ ఆ ఒక్క నియామకం మీద ఆధారపడి ఉంటాయి. ఇప్పుడు జనవరి మూడో వారానికి చాలామందికి తమ పరిస్థితి తెలిసిపోతుంది. ఫిబ్రవరి రెండో వారం దాకా అందరినీ ఆపితే, కాలేజీ జట్లలో దొరికే ఉద్యోగాలు ఆలోపే భర్తీ అయిపోతాయి. ఇక్కడ ఉంచుతారో లేదో తెలియక, అక్కడ చేరలేక మిగిలిపోయేది వారే. పెద్ద కోచ్‌ల సౌకర్యం కోసం చిన్న కోచ్‌లు మూల్యం చెల్లించే నియమాన్ని నేను సమర్థించలేను.

పైగా నిషేధం పెట్టినా మాటలు ఆగవు. ఏజెంట్ల ద్వారా సాగుతాయి. ఇప్పుడు బహిరంగంగా జరుగుతున్నది అప్పుడు చాటుగా జరుగుతుంది.

ఫ్రిస్కో పాఠకుడు

చాటుగా జరుగుతుందన్న మాటను అంగీకరిస్తాను. అయితే వేచి ఉండటం అసాధ్యం కాదని 2025లోనే రుజువైంది. 2024 సీజన్ ముగిశాక నియమితులైన ఏడుగురు హెడ్ కోచ్‌లలో చివరివాడు కెలెన్ మూర్. ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లోని సూపర్‌డోమ్‌లో ఆయన నడిపిన ఫిలడెల్ఫియా అఫెన్స్ కాన్సాస్ సిటీని 40-22తో ఓడించిన జట్టులో భాగం. ఫిబ్రవరి 11న అదే మైదానంలో తన సొంతగడ్డ మ్యాచ్‌లు ఆడే న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ ఆయనను హెడ్ కోచ్‌గా ప్రకటించింది. మిగతా ఆరు జట్లు ముందే నిర్ణయించుకున్నా, కావలసిన మనిషి కోసం ఆ జట్టు ఆగింది. 

చీఫ్స్ వెంట పదేళ్లు

మూడో డౌన్ గారు చిన్న కోచ్‌ల గురించి రాసింది నేను ఇంతకుముందు ఆలోచించనిది. అందుకే పూర్తి నిషేధం కోరడం మానుకుని, ఇంతకంటే చిన్న మార్పు ఒకటి ప్రతిపాదిస్తున్నాను. ప్లేఆఫ్స్‌లో లేని జట్ల కోచ్‌లతో, ఉద్యోగం లేనివారితో, తమ సొంత సిబ్బందితో మొదటి రోజు నుంచే మాట్లాడుకోనివ్వాలి. ప్లేఆఫ్స్‌లో ఉన్న జట్టు కోచ్‌తో మాత్రం, ఆ జట్టు ఓడేదాకా గానీ, కాన్ఫరెన్స్ ఫైనల్ ముగిసేదాకా గానీ వీడియోలో కూడా మాట్లాడకూడదు. విశ్రాంతి వారం పూర్తిగా ఆ జట్టుదే కావాలి. దానికి తోడు, డివిజనల్ రౌండ్ ముగిసేదాకా ఏ జట్టూ బయటివారిని నియమించకూడదు. ఇలా చేస్తే నియామకాలు మహా అయితే పది రోజులు ఆలస్యమవుతాయి.

నోవై నివాసి

ఈ ప్రతిపాదన నాకు సమ్మతమే. ఒక్క సందేహం ఉంది. విశ్రాంతి వారంలో మాట్లాడనివ్వకపోతే, మొదటి స్థానంలో నిలిచిన జట్టు కోచ్‌ల కోసం ఆగకుండా యజమానులు డివిజనల్ రౌండ్ ముగిసిన రాత్రే మరెవరినో తీసేసుకుంటే, మీరు చెప్పిన బియెనమీ పరిస్థితే గ్లెన్‌లాంటివారికి రాదా? ఆటగాడిగా పదిహేను సీజన్లు ఆడి, కోచ్‌గా మెట్టు మెట్టూ ఎక్కి, ఒకప్పుడు తనను డ్రాఫ్ట్‌లో తీసుకున్న జెట్స్‌కే హెడ్ కోచ్‌గా తిరిగి వెళ్లిన మనిషి ఆయన. నా జట్టు విశ్రాంతి కోసం ఆ అవకాశం ఆయనకు దక్కకుండా పోయి ఉంటే నేను సంతోషించేవాడిని కాదు.

చీఫ్స్ వెంట పదేళ్లు

మీ సందేహం సరైనదే. అలాగైతే నియామకాలపై ఆంక్షను డివిజనల్ రౌండ్ దగ్గర కాక, కాన్ఫరెన్స్ ఫైనల్స్ ముగిసిన వారం చివరిదాకా పొడిగించాలి. అప్పుడు నాలుగు జట్ల కోచ్‌లకూ కనీసం ఐదారు రోజులు దొరుకుతాయి. మూడో డౌన్ గారు, అలా జనవరి నెలాఖరుకు జరిపితే కాలేజీ ఉద్యోగాలు చూసుకునే చిన్న కోచ్‌లకు వ్యవధి మిగులుతుందా?

మూడో డౌన్

కొందరికి మిగులుతుంది. హెడ్ కోచ్‌ను తొలగించిన రోజే మిగతా సిబ్బందికి ఇతర జట్లతో మాట్లాడుకునే అనుమతిని కూడా రాతపూర్వకంగా ఇవ్వాలని అదే నియమంలో చేరిస్తే చాలామందికి మిగులుతుంది. ఆ షరతు ఉంటే మీ ప్రతిపాదనకు నా మద్దతు ఉంటుంది.